శివకాశి శిశువులు - రాజ్యధర్మము

శివకాశి యనగనే టపాకాయలును, అగ్గిపెట్టెలును, గోడకు వ్రేలాడు క్యాలెండరు పటములును జ్ఞప్తికి వచ్చును. సుమారు నూఱేండ్ల క్రిందట అయ్య నాడారు, షణ్ముగ నాడారు కలకత్తాకు బోయి నేర్చి తెచ్చిన అగ్గిపుల్లల విద్య వానకఱవుగల యీ సీమకు అన్నము పెట్టినది. దాని నెవ్వరును కాదనరు. కాని యా యన్నము సంపాదించుటకై చంటిబిడ్డను విడిచి పనికి బోవు తల్లి సంగతి యేమి?

ఈ సీమ మనకు పరాయిది కాదు. సాత్తూరు, కోవిల్‌పట్టి ప్రాంతముల నల్లరేగడి గ్రామములందు తరతరములుగ ఇంట తెలుగు మాటలాడు కుటుంబము లనేకము గలవు. ఇడైసేవల్ గ్రామమున బుట్టిన కి. రాజనారాయణన్ ఆ వలసకథనే తమిళమున నవలగ వ్రాసెను.

పెద్దపిల్లల విషయమున రాజ్యము ఆలస్యముగనైనను మేల్కొన్నది. తెల్లవారకమునుపే కార్ఖానా బస్సులు పల్లెలకు వచ్చి పిల్లల నెక్కించుకొనిపోయిన కాల మొకటి యుండెను. 1986లో చట్టము వచ్చెను. మెహతా వ్యాజ్యమున 1996 డిసెంబరు 10వ తేదీని సుప్రీముకోర్టు, నిషిద్ధమైన పనిలో పెట్టుకొన్న ఒక్కొక్క బిడ్డకు యజమాని 20,000 రూపాయలు చెల్లింపవలెననియు, ఆ యింటి పెద్దవానికి ప్రభుత్వము పని చూపవలెననియు, చూపలేనిచో 5,000 రూపాయలు తాను నిధిలో వేయవలెననియు తీర్పు చెప్పెను. మంచి తీర్పే. అయితే ఆఱేండ్లు నిండని శిశువును గూర్చి మాత్రము రాజ్యాంగము ముందునకు బోవుటకు బదులు వెనుకకు నడచినది. 1950 నాటి 45వ అధికరణము పదునాలుగేండ్లు నిండువఱకు బిడ్డలందఱకును విద్య నీయ యత్నింపవలెననెను. శిశువును అందుండి తొలగింపలేదు. 1993లో ఉన్నికృష్ణన్ వ్యాజ్యమున - ప్రతివాది ఆంధ్రప్రదేశ్ రాజ్యమే - సుప్రీముకోర్టు దానిని ప్రాథమికహక్కుగ నెన్నెను. 2002 నాటి 86వ సవరణ ఆఱు మొదలు పదునాలుగేండ్లవారికి హక్కు నిచ్చి, అంతకు చిన్నవారికి 'రాజ్యము యత్నించును' అను మాట మిగిల్చెను. ఆ మాటను పట్టుకొని న్యాయస్థానమున డిక్రీ పొందుట యెట్లో మాకు దోపకున్నది.

ఇందువలన పెద్దపిల్ల హక్కును చెడుచున్నది. తల్లి కార్ఖానాకు బోయినపుడు ఊయల నూపువారెవరు? ఎనిమిదేండ్ల అక్క. ఆమె పేరు బడిపట్టికలో నుండును, ఆమె చంకలో తమ్ముడుండును. శిశుసదనము లేని చోట 21ఎ అధికరణము ఆ యక్క యెడల కాగితమునకే పరిమితమగును.

అన్నదానమున ఈ రాష్ట్రమునకు సాటి లేదు. తెలుగువాడైన త్యాగరాయ శెట్టి అధ్యక్షతన చెన్నపట్టణ కార్పొరేషను 1920లోనే థౌజండులైట్సు పాఠశాలలో ఉపాహారము పెట్టెను. విరుదునగరు బిడ్డడైన కామరాజు 1956లో కోవిల్‌పట్టి చెంతనున్న ఎట్టయపురమున మధ్యాహ్నభోజనము ప్రారంభించెను. 1982లో రామచంద్రన్ ప్రభుత్వము రెండేండ్ల బిడ్డకును విస్తరి వేసెను. 1975లో మొదలైన అంగన్‌వాడీలును గలవు. అయినను అన్నము వేఱు, కాపు వేఱు. తల్లి యింటికి మరలివచ్చువఱకు తలుపు తెఱచియుండని అంగన్‌వాడీ ఆమెకు సగము దినమే యుపకరించును.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టము ఏబదిమందికి మించి స్త్రీలున్న చోట శిశుసదనము కోరెను. 1976లో దానిని ముప్పదికి దించిరి. పార్లమెంటు 2020లో చేసిన స్మృతి సంఖ్యను మరల ఏబదికి హెచ్చించినది. స్త్రీపురుషుల నిద్దఱను లెక్కించుట మాత్రము దాని గుణము. ఇంట గూర్చుండి పెట్టెలంటించు స్త్రీ యే లెక్కలోనికిని రాదు. కావున కార్ఖానాను గాక గ్రామమును లెక్కించి, పనివేళలకు సరిపడ శిశుసదనము నెలకొల్పి, అందుకగు వ్యయములో యజమానులచే భాగము పెట్టించుట న్యాయమని మా యభిప్రాయము. అంగన్‌వాడీకి శిశుసదనమును జేర్చు 'పాల్నా' పథకము 2022 నుండి కేంద్రమువారియొద్ద నున్నది. దానిని మొదట కోరుకొనవలసిన జిల్లాలలో విరుదునగరొకటి.

మఱియొక మాట. తెలుగింటి బిడ్డ ఆకలియైనపుడు తెలుగుననే యేడ్చును. తమిళమును తెలుగును ఎఱిగిన స్త్రీలకు ఆ గ్రామములందు కొదువ లేదు. అట్టివారిని ఆయాలుగ నియమించుటకు అదనముగ నొక రూపాయియు నక్కఱలేదు.