జారకముందే చేరే బలం

1,600 కిలోల బరువున్న క్రాసోవర్ కారు ఒకటి, మంచు గట్టిపడిన రోడ్డు మీద 15 శాతం ఎగువ ఎక్కవలసి వచ్చిందనుకుందాం. ఆ వాలులో కారును వెనక్కి లాగే బలం సుమారు 2,300 న్యూటన్లు. గట్టి మంచు మీద టైరుకు దొరికే ఘర్షణ గుణకం 0.2కు అటూ ఇటూగా ఉంటుంది. కారు బరువులో 60 శాతం ముందు చక్రాల మీద పడుతుందనుకుంటే, ఆ రెండు టైర్లూ కలిసి నేలను 1,900 న్యూటన్లకు మించి నెట్టలేవు. నిజానికి ఎగువలో బరువు కొంత వెనక్కి వాలుతుంది కాబట్టి ఆ మాత్రం కూడా దక్కదు. ఇంజను వంద గుర్రాలదైనా మూడు వందల గుర్రాలదైనా ఫలితం ఒక్కటే: ముందు చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి. అదే బలాన్ని నాలుగు చక్రాలకూ పంచితే నేల ఇవ్వగలిగేది 3,100 న్యూటన్ల దాకా పెరుగుతుంది. కారు కదులుతుంది.

ఆల్ వీల్ డ్రైవ్ కారుకు కొత్త శక్తినేమీ ఇవ్వదు. వెనక టైర్ల కింద వాడకుండా పడివున్న పట్టును వాడుకలోకి తెస్తుంది, అంతే. మిన్నెసోటా, మిషిగన్ ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగువారికి ఇది శీతాకాలపు నిత్యావసరం. ఇక్కడ మనకు మంచు లేకపోయినా, వాన తడిసిన నల్లరేగడిలో బండి దింపిన రైతుకు టైరు ఎలా జారుతుందో ఎవరూ చెప్పనక్కరలేదు.

ఇంత మేలున్నప్పుడు నాలుగు చక్రాలనూ శాశ్వతంగా ఒకే ఇనుప కడ్డీకి బిగించేయవచ్చు కదా అన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. అడ్డు వచ్చేది మలుపు. ఎడ్లబండికి ఈ చిక్కు లేదు. దాని ఇరుసు తిరగదు, చక్రాలు వేటికవే తిరుగుతాయి. కారులో ఇరుసులే తిరిగి చక్రాలను తిప్పాలి. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య 2.6 మీటర్ల దూరమున్న కారు బిగుతుగా మలుపు తిరుగుతున్నప్పుడు, వెనక ఇరుసు మధ్యభాగం 5 మీటర్ల వ్యాసార్ధంలో తిరిగితే ముందు ఇరుసు మధ్యభాగం సుమారు 5.64 మీటర్ల వ్యాసార్ధంలో తిరగాలి. అంటే అదే సమయంలో ముందు చక్రాలు దాదాపు 13 శాతం ఎక్కువ దూరం ప్రయాణించాలి. రెండు ఇరుసులనూ కదలకుండా కలిపేస్తే ఈ తేడా పోవడానికి దారి ఉండదు. పొడి తారు మీద టైర్లు జారలేవు కాబట్టి ఆ ఒత్తిడంతా గేర్ల మీదా షాఫ్టుల మీదా పడుతుంది. స్టీరింగ్ బిగుసుకుపోతుంది, కారు మొండికేస్తుంది. పాతకాలపు జీపుల్లో ఫోర్ వీల్ డ్రైవ్‌ను బురదలోనే వేయాలని, రోడ్డెక్కగానే తీసేయాలని చెప్పడానికి కారణం ఇదే.

కలిసి ఉండాలి, అవసరమైతే విడిపోవాలి. ఈ రెండు కోరికల మధ్య రాజీ కుదర్చడమే అప్పటినుంచీ ఇంజనీర్ల పని. మన పొలాల్లోని మాసీ ఫెర్గూసన్ ట్రాక్టర్ల మీద పేరున్న హ్యారీ ఫెర్గూసన్ తన చివరి సంవత్సరాల్లో దీని మీదే మనసు పెట్టాడు. ఆయన 1960లో మరణించాడు. ఆయన బృందం రూపొందించిన పద్ధతితో బ్రిటన్‌లో 1966లో జెన్సెన్ ఎఫ్ఎఫ్ అనే కారు వచ్చింది. మామూలు రోడ్డు కారులో నాలుగు చక్రాలకూ బలం అందించిన తొలి ప్రయత్నాల్లో అది ముఖ్యమైనది. ఆ పరంపర నుంచే సిలికాన్ నూనెతో పనిచేసే విస్కస్ కప్లింగ్ కూడా కార్లలో వాడుకలోకి వచ్చింది. ఒక డబ్బాలో పలుచని ఉక్కు పళ్లేలను వరుసగా పేర్చి, ఒకటి విడిచి ఒకటి ముందు షాఫ్టుకు, మిగిలినవి వెనక షాఫ్టుకు తగిలిస్తారు. మధ్యలో చిక్కటి సిలికాన్ నూనె. రెండు వైపులా ఒకే వేగంతో తిరిగినంతసేపూ నూనెకు పనిలేదు. ముందు చక్రాలు జారి వేగం పెంచుకోగానే పళ్లేల మధ్య నూనె చీలుతుంది, ఆ ఈడ్పు వెనక షాఫ్టును కూడా తిప్పుతుంది. అమెరికన్ మోటార్స్ సంస్థ 1980 మోడల్‌గా తెచ్చిన ఈగిల్ కారులో ఈ కప్లింగే ఉంది. సాధారణ కారు దేహాన్ని ఎత్తుగా నిలిపి నాలుగు చక్రాలకూ బలమిచ్చిన ఆ బండిని క్రాసోవర్లకు ఆదిరూపంగా చాలామంది లెక్కిస్తారు.

విస్కస్ కప్లింగ్‌లో కంప్యూటరు లేదు, తీగ లేదు, పాడవడానికి పెద్దగా ఏమీ లేదు. ఆ సరళత నాకు ఇప్పటికీ గౌరవం కలిగిస్తుంది. కానీ దాని లోపం దాని స్వభావంలోనే ఉంది. జారుడు మొదలయ్యేదాకా అది మేలుకోదు.

హోండా 1995లో సీఆర్-వీ కోసం వాడిన పద్ధతి ఇదే సూత్రాన్ని మరింత తెలివిగా అమలు చేసింది. అందులో రెండు నూనె పంపులు. ఒకటి ముందు చక్రాల వేగంతో, రెండోది వెనక చక్రాల వేగంతో తిరుగుతాయి. వేగాలు సమానమైతే మొదటి పంపు నెట్టిన నూనెను రెండోది పూర్తిగా లాగేసుకుంటుంది, ఒత్తిడి పుట్టదు. ముందు చక్రాలు జారితే మొదటి పంపు నెట్టేది ఎక్కువ, రెండోది లాగేది తక్కువ. ఆ మిగులు ఒత్తిడే క్లచ్ పలకలను నొక్కి వెనక చక్రాలకు బలం పంపుతుంది. లెక్క చేసేది నూనే, నిర్ణయించేదీ నూనే. ఎంత అందమైన యంత్రం! అయినా అదీ జారుడు తర్వాతే స్పందిస్తుంది. చక్రం ఒక్కసారి తిరగడం మొదలయ్యాక మంచును నునుపు చేసేస్తుంది, బురదలో గుంత తవ్వేస్తుంది. ఆ తర్వాత ఎంత బలం వెనక్కి పంపినా అప్పటికే కొంత పట్టు పోయి ఉంటుంది. ఆల్ వీల్ డ్రైవ్ చరిత్రలో అసలు పోరాటం ఈ ఆలస్యంతోనే.

ఆ పోరాటంలో మలుపు తిప్పింది ఎలక్ట్రానిక్ నియంత్రణ. స్వీడన్‌కు చెందిన హాల్డెక్స్ కప్లింగ్ 1998లో ఫోక్స్‌వాగన్, ఆడి కార్లలోకి వచ్చింది. నూనెలో మునిగివుండే బహుళ పలకల క్లచ్, దాన్ని నొక్కే నూనె ఒత్తిడి, ఆ ఒత్తిడిని సరిచేసే కంప్యూటర్ వాల్వు. తొలి తరాల్లో ఒత్తిడి పుట్టాలంటే ముందు, వెనక షాఫ్టుల మధ్య కాస్తయినా వేగ భేదం కావలసి వచ్చేది. నాలుగో తరంలో విద్యుత్ పంపు చేరి ఆ షరతును తొలగించింది. చక్రం జారకముందే క్లచ్‌ను నొక్కి ఉంచడం అప్పుడు సాధ్యమైంది. జపాన్ సంస్థ జేటెక్ట్ మరో దారి తొక్కింది. విద్యుదయస్కాంతం ఒక చిన్న క్లచ్‌ను పట్టుకుంటుంది. ఆ పట్టుతో పుట్టిన మెలిక, వాలు గాడుల్లో ఉన్న ఉక్కు గోళీలను ఎత్తుకు తోస్తుంది. గోళీలు పైకెక్కుతూ పెద్ద క్లచ్‌ను బలంగా నొక్కుతాయి. కాస్తంత కరెంటుతో ఎంతో టార్క్‌ను, అంటే తిప్పే బలాన్ని, అదుపు చేసే ఏర్పాటు ఇది.

ఇక్కడినుంచి యంత్రం కన్నా దాన్ని నడిపించే లెక్కే ముఖ్యం. కంప్యూటరుకు రెండు రకాల పనులున్నాయి. మొదటిది, జరిగినదానికి స్పందించడం. బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ కోసం ప్రతి చక్రం దగ్గరా ఎలాగూ ఉండే వేగ సెన్సర్లు చెప్పే తేడాను చూసి క్లచ్ బిగించడం. రెండోది, జరగబోయేదాన్ని ఊహించడం. నిలిచివున్న కారులో డ్రైవరు యాక్సిలరేటర్‌ను గట్టిగా తొక్కితే ముందు చక్రాలు జారే అవకాశం ఉందని ఏ సెన్సరూ చెప్పనక్కరలేదు. అందుకే కదలిక మొదలుకాక ముందే కంప్యూటరు వెనక క్లచ్‌ను కొంత బిగిస్తుంది. స్టీరింగ్ ఎంత తిరిగిందో, కారు తన నిట్టనిలువు అక్షం చుట్టూ ఎంత వేగంగా తిరుగుతోందో, రోడ్డు ఎంత ఎగువగా ఉందో కూడా అది చూస్తుంది. మాజ్దా తన వ్యవస్థలో వైపర్లు తిరుగుతున్నాయా, బయట ఎంత చలి ఉంది అన్న సంకేతాలను కూడా లెక్కలోకి తీసుకుంటుంది. వాన పడుతోందంటే రోడ్డు తడిగా ఉంది, ఉష్ణోగ్రత సున్నా దగ్గరుందంటే మంచు ఉండవచ్చు అని అర్థం చేసుకుంటుంది.

బిగించడం ఎంత ముఖ్యమో వదలడమూ అంతే ముఖ్యం. పార్కింగులో స్టీరింగ్ పూర్తిగా తిప్పి నెమ్మదిగా కదులుతున్నప్పుడు పైన చెప్పిన 13 శాతం తేడా అడ్డు రాకుండా క్లచ్ వదులవుతుంది. ఏబీఎస్ పనిచేస్తున్నప్పుడు ప్రతి చక్రం వేగాన్నీ విడివిడిగా కొలవాలి కాబట్టి అప్పుడూ వదులవుతుంది. జాతీయ రహదారి మీద నిలకడగా వెళ్తుంటే ఇంధనం ఆదా కోసం ముందు చక్రాలే పనిచేస్తాయి. జీప్ చెరొకీ 2014 మోడల్ నుంచి, అవసరం లేనప్పుడు వెనక ఇరుసుకు బలం తీసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్టు తిరగడాన్ని కూడా ఆపేసే ఏర్పాటు చేసింది. స్నో, మడ్, సాండ్ అని డాష్‌బోర్డు మీద కనిపించే మోడ్‌లు ఈ లెక్కల్లోని అంకెలను మార్చేవే. ఇసుకలో చక్రం కొంత జారినా ఊరుకోవాలి, ఊపు పోకూడదు. మంచులో యాక్సిలరేటర్‌ను మందగింపజేసి జారుడును మొదట్లోనే తుంచాలి.

ఒక అపోహ గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. ‘టార్క్‌లో 50 శాతం వెనక్కి’ అన్న ప్రచార వాక్యాలను చూసి, లోపల ఒక తూకం ఉండి ఎప్పుడూ అదే వాటా పంచుతుందని చాలామంది అనుకుంటారు. ఈ క్లచ్‌కు వాటాలు తెలియవు. ఎంత మేరకు టార్క్ మోయగలనన్న పరిమితి ఒక్కటే దాని చేతిలో ఉంది. క్లచ్ పూర్తిగా బిగిసినప్పుడు రెండు ఇరుసులూ ఒకే వేగంతో తిరుగుతాయి, అప్పుడు ఎక్కువ టార్క్ ఎక్కువ పట్టు ఉన్న వైపుకు తనంతట తానే వెళ్తుంది. ముందు చక్రాలు మంచు గడ్డ మీదా వెనక చక్రాలు పొడి తారు మీదా ఉంటే దాదాపు మొత్తం వెనక్కే పోతుంది. రెండు వైపులా పట్టు సమానమైతే పంపకం బరువును అనుసరిస్తుంది. ఇంకా ముఖ్యమైన మాట: క్లచ్ ఎప్పుడూ వేగంగా తిరిగే వైపు నుంచి నెమ్మదిగా తిరిగే వైపుకే బలం పంపగలదు. మలుపులో వెనక చక్రాలను కావాలని ఎక్కువ వేగంతో తిప్పాలంటే గేర్ల నిష్పత్తినే మార్చాలి. హోండా 2004లో లెజెండ్ కారులో చేసింది ఆ పనే.

ఇరుసులోని కుడి ఎడమల సంగతి వేరు. కుడి ఎడమ చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే మామూలు డిఫరెన్షియల్ రెండు పక్కలకూ సమానంగా టార్క్ ఇస్తుంది కాబట్టి, ఒక చక్రం గాలిలో లేచిందంటే రెండోదానికీ దాదాపు ఏమీ అందదు. చాలా క్రాసోవర్లు దీనికి బ్రేకునే మందుగా వాడతాయి. జారే చక్రాన్ని బ్రేకుతో పట్టుకుంటే, ఆ నిరోధానికి సమానమైన టార్క్ పట్టున్న చక్రానికి చేరుతుంది. రేంజ్ రోవర్ ఇవోక్ వంటి కొన్ని కార్లలో వెనక ఇరుసుకు రెండు పక్కలా రెండు క్లచ్‌లు పెట్టి ప్రతి చక్రానికీ విడిగా కొలిచి ఇచ్చారు.

మన మార్కెట్లో ఈ వ్యవస్థ అరుదు. శ్రీ సత్యసాయి జిల్లా పెనుకొండ దగ్గర తయారయ్యే కియా సెల్టోస్ మనకు ముందు చక్రాల డ్రైవ్‌తోనే వచ్చింది, అదే పేరుతో అమెరికాలో అమ్మే కారుకు ఆల్ వీల్ డ్రైవ్ ఉంది. 2022లో వచ్చిన మారుతి గ్రాండ్ విటారా, టొయోటా హైరైడర్లలో కొన్ని రకాలకే ఆల్‌గ్రిప్ అనే సుజుకీ ఆల్ వీల్ డ్రైవ్ ఇచ్చారు. ఈ వ్యవస్థ బరువును, ధరను, ఇంధన ఖర్చును పెంచుతుంది. హైదరాబాదు వీధుల్లోనే తిరిగేవారికి దానితో పెద్దగా అవసరం లేదని నా అభిప్రాయం. మారేడుమిల్లి, పాడేరు ఘాట్ల పక్కన వానాకాలపు మట్టిదారుల్లో తిరిగేవారి సంగతి వేరు.

కొన్నవారు మాత్రం ఒక సంగతి మరువరాదు. బయలుదేరడానికి నాలుగు చక్రాల డ్రైవ్ సాయపడుతుంది, ఆగడానికి కాదు. బ్రేకులు ప్రతి కారులోనూ నాలుగు చక్రాలకూ ఉన్నవే. గంటకు 50 కిలోమీటర్ల వేగం నుంచి ఆగడానికి 0.8 ఘర్షణ గుణకమున్న పొడి రోడ్డు మీద బ్రేకు పట్టినప్పటి నుంచి సుమారు 12 మీటర్లు చాలు. 0.2 ఉన్న మంచు మీద దాదాపు 49 మీటర్లు కావాలి, కారు ఏ రకమైనా సరే. సునాయాసంగా ఎగువ ఎక్కిన కారు డ్రైవరుకు రోడ్డు ఎంత జారుడుగా ఉందో తెలియనివ్వదు. ప్రమాదం అక్కడే పొంచి ఉంటుంది. టైర్లను కూడా ఒకటీ రెండూ కాకుండా నాలుగూ కలిపి మార్చడం మంచిది. కొత్త టైరు చుట్టుకొలత అరిగినదాని కన్నా ఎక్కువ. ఆ కొద్ది తేడాతోనే క్లచ్ దారి పొడవునా రాసుకుంటూ వేడెక్కుతుంది. వేడి మితిమీరితే కంప్యూటరు దాన్ని వదిలేస్తుంది, సరిగ్గా అవసరమైన వేళ కారు రెండు చక్రాల బండిగా మిగులుతుంది.

టొయోటా 2001లోనే ఎస్టిమా హైబ్రిడ్‌లో వెనక చక్రాలకు విడిగా విద్యుత్ మోటారు పెట్టి ప్రొపెల్లర్ షాఫ్టునే తీసేసింది. నేటి విద్యుత్ క్రాసోవర్లలో ముందొక మోటారు, వెనకొక మోటారు. నూనె ఒత్తిడి పెరిగేదాకా ఆగనక్కరలేదు, పలకలు నొక్కుకునేదాకా చూడనక్కరలేదు. కొన్ని మిల్లీసెకన్లలో టార్క్ మారుతుంది, వెనక్కీ ముందుకీ ఏ నిష్పత్తిలోనైనా ఇవ్వవచ్చు. యంత్రపు ఆలస్యం ఇలా దాదాపు తీరిపోయింది. తీరనిది రోడ్డును తెలుసుకోవడంలోని ఆలస్యం. టైరు కింద ఉన్న ఘర్షణ గుణకాన్ని మామూలు కారులోని ఏ సెన్సరూ నేరుగా కొలవదు. టైరు ఎంత బలం మోస్తూ ఎంత సూక్ష్మంగా జారుతోందో చూసి కంప్యూటరు దాన్ని అంచనా వేయాలి. నెమ్మదిగా, మెత్తగా నడిపేటప్పుడు ఆ సూక్ష్మమైన జారుడు సెన్సర్లకు అందనంత తక్కువగా ఉంటుంది, అంచనా కూడా అంతే బలహీనంగా ఉంటుంది. కెమెరాలతో రోడ్డు ఉపరితలాన్ని చూసి ముందుగానే పోల్చుకోవడం, ముందు వెళ్లిన కార్లు జారిన చోట్ల సమాచారాన్ని వెనక వచ్చే కార్లకు అందించడం మీద ఇప్పుడు ఇంజనీర్లు పనిచేస్తున్నారు.