తుప్పు నుంచి ఇనుము

కిరండూల్ నుంచి అరకు కొండల మీదుగా విశాఖకు దిగే గూడ్సు బండ్లు ఎర్రటి దుమ్ము కొట్టుకుని ఉంటాయి. ఛత్తీస్‌గఢ్‌లోని బైలడిలా గనుల ఇనుప ఖనిజం అది. ముట్టుకుంటే వేళ్లు ఎర్రబారతాయి. వానకు తడిసి తుప్పుపట్టిన గునపాన్ని పట్టుకున్నా అంతే. ఆ రాయిలోని హెమటైట్‌కూ తుప్పుకూ దగ్గరి చుట్టరికం ఉంది. రెండింటిలోనూ ఇనుమును ఆక్సిజన్ పట్టుకుని ఉంటుంది. తుప్పులో కాస్త నీరు కూడా చేరుతుంది. స్వచ్ఛమైన హెమటైట్ 100 కిలోలు తీసుకుంటే అందులో 70 కిలోలు ఇనుము, మిగతాది ఆక్సిజన్.

ఖనిజాన్ని కరిగిస్తే ఇనుము వస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి కరిగించడం రెండో పని. ముందు ఆక్సిజన్‌ను విడిపించాలి, కొలిమి మంట ఒక్కటే ఆ పని చేయలేదు. బొగ్గు కావాలి. బొగ్గు అరకొరగా కాలితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. తలుపులు మూసిన గదిలో కుంపటి పెట్టుకుని పడుకున్నవారి ప్రాణం తీసేదీ ఈ వాయువే. కొలిమిలో అది ఖనిజం నుంచి ఆక్సిజన్‌ను లాక్కుని, కార్బన్ డయాక్సైడ్‌గా మారి పైకి పోతుంది. ఇనుము మిగులుతుంది.

తెలంగాణ పల్లెల్లో ఒకప్పుడు మట్టి కొలుముల్లో జరిగినదీ ఇదే. ఖనిజమూ కట్టెబొగ్గూ పోసి తోలు తిత్తులతో గాలి ఊదేవారు. ఇనుము కరగాలంటే 1538 డిగ్రీల వేడి కావాలి. ఆ కొలిమికి అంత శక్తి లేదు, దాని అవసరమూ లేదు. ఖనిజంలోని మట్టీ ఇసకా కరిగి చిట్టెంగా కారిపోతే, స్పాంజిలాంటి ఇనుప ముద్ద మిగిలేది. దాన్ని ఎర్రగా ఉండగానే సమ్మెటతో బాది గట్టిపరిచేవారు. నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రం పనివారు ఇంకా ముందుకు వెళ్లి, ఇనుమును మట్టి మూసల్లో పెట్టి కార్బన్ పట్టించి ఉక్కు తీశారు. పర్షియా వర్తకులు దానికోసం ఆ ఊరిదాకా వచ్చేవారు. అంతటి నేర్పు తెలిసిన చేతుల పేర్లు మాత్రం చరిత్రలో మిగల్లేదు.

విశాఖ ఉక్కు కర్మాగారంలో తిత్తుల స్థానంలో వెయ్యి డిగ్రీలకు అటూ ఇటూగా కాగిన గాలి కొలిమి అడుగు నుంచి దూసుకొస్తుంది. అక్కడి బ్లాస్ట్ ఫర్నేసుల పేర్లు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. పైనుంచి ఖనిజం, సున్నపురాయి, కోక్ పడుతుంటాయి. రాతిబొగ్గును గాలి తగలకుండా కాల్చి చేసేదే కోక్. కట్టెబొగ్గు అయితే అంత బరువు కింద నలిగి పొడవుతుంది, వాయువులు పైకి పోయే దారులు మూసుకుపోతాయి. కోక్ నిలబడుతుంది. ఇంగ్లండులో 1709లో అబ్రహాం డార్బీ కోక్‌తో ఇనుము తీసి చూపాకే పెద్ద కొలుములకు దారి దొరికింది.

ఈ కొలిమిలో ఇనుము దాదాపు 4 శాతం కార్బన్ పీల్చుకుంటుంది. అప్పుడు 1150 డిగ్రీల దగ్గరే కరుగుతుంది కాబట్టి ధారగా ప్రవహిస్తుంది. సున్నపురాయి మట్టినీ ఇసకనూ కలుపుకుని చిట్టెమై పైన తేలుతుంది. సిమెంటు తయారీకి పనికొస్తుంది. కానీ కార్బన్ ఎక్కువైన ఆ ఇనుము పెళుసు. అందుకే దానిలోకి ఆక్సిజన్ ఊది, అదనపు కార్బన్‌ను మండించి ఉక్కు చేస్తారు. ఎంతో కష్టపడి వెళ్లగొట్టిన ఆక్సిజన్‌నే మళ్లీ పిలవాల్సి వస్తుంది.

ఈ దారిలో టన్ను ఉక్కుకు దాదాపు 2 టన్నుల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. బొగ్గు బదులు హైడ్రోజన్ వాడితే ఆక్సిజన్ నీటి ఆవిరిగా పోతుంది. స్వీడన్‌లోని లూలియోలో 2021లో ఇలా ఇనుము తీశారు. అదీ కరగదు, స్పాంజిలాగే బయటికొస్తుంది. తరవాత కరెంటు కొలిమిలో కరిగిస్తారు.