గంధకపు పొగకు లెక్క

డిచ్‌పల్లి నుండి నిజామాబాదు మీదుగా బోధను చేరినచో, 1937లో స్థాపితమై 2015లో మూతపడిన నిజాం చక్కెర కర్మాగారము కానవచ్చును. అట్టి మిల్లులకు సంబంధించిన చిన్న లెక్క నొకదానిని నేడు మనము చూతము.

తెల్ల పంచదార చేయుటకు చెఱకురసములో సున్నపునీటిని, గంధకపు పొగను కలుపుదురు. ఈ రెండును కలిసి గడ్డకట్టి, మలినములతో అడుగునకు దిగును. పొగ మితిమీరినచో రసము ఆమ్లగుణము నొందును. కాచునప్పుడు చక్కెర గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడిపోయి, స్ఫటికము కట్టక మొలాసిసులో కలియును. రైతు చెమటోడ్చి పండించిన తీపి ఆ మేరకు వృథా.

రసాయనచర్యలో ముఖ్యము బరువు కాదు, అణువుల సంఖ్య. అరటిపండ్లకు డజను వలె అణువులకు మోలు కొలత. 64 గ్రాముల సల్ఫర్ డయాక్సైడును, 74 గ్రాముల తడిసున్నమును ఒక్కొక్క మోలే. ఒకటి కొకటి సరిపోవును. వెయ్యి మోలులు ఒక కిలోమోలు.

గంటకు 32 కిలోల గంధకమును కాల్చితి మనుకొందము. వెలువడు వాయువు గంటకు 1 కిలోమోలు, అనగా 64 కిలోలు. 1000ని 3600తో భాగింపగా సెకనుకు 0.278 మోలు. తిరుగ లెక్కించినచో సెకనుకు 1 మోలు గంటకు 3.6 కిలోమోలులు. పౌను మోలు మాత్రము 453.6 మోలులే. దానిని కిలోమోలుగా భ్రమించినచో, పోవలసిన పొగలో సగమైనను పోదు. కావున అంకెకు ముందు కొలతపేరు చదువవలెను.