జంతుజన్య వైరస్‌లు - పిల్లల కాలేయ వ్యాధులు

జంతువుల నుండి గాని, కీటకముల ద్వారా గాని మనిషికి సోకు వైరస్‌లలో కొన్ని పిల్లల కాలేయమును దెబ్బతీస్తాయి. వీటి ముఖ్య లక్షణం పచ్చకామెర్లు. అయితే కామెర్లు కనబడని కాలేయ వ్యాధులు కూడా ఉన్నాయి.

హెపటైటిస్ ఇ

1983లో సోవియట్ శాస్త్రజ్ఞుడు మిఖాయిల్ బలయాన్ రోగుల మలము నుండి తీసిన ద్రవమును తానే మింగి, జబ్బుపడి, ఈ వైరస్‌ను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూపించాడు. 1997లో అమెరికా పందులలో దీనికి దగ్గరి వైరస్ బయటపడింది. 3, 4 జన్యురకములు పందులు, అడవి పందులు, జింకల నుండి సరిగా ఉడకని మాంసం ద్వారా మనుషులకు సోకుతాయి.

భారతదేశపు పరిస్థితి వేరు. ఇక్కడి పందులలో కనబడేది 4వ రకం కాగా, మనుషులలో దాదాపు ఎల్లప్పుడూ 1వ రకమే కనబడుతుంది. ఇది మురుగు కలిసిన నీటి ద్వారా మనిషి నుండి మనిషికి వ్యాపిస్తుంది. 2005లో హైదరాబాదులో వచ్చిన హెపటైటిస్ ఇ ఇటువంటిదే. కనుక మన ప్రాంతంలో పంది కంటే పగిలిన నీటి గొట్టమే ఎక్కువ ప్రమాదకరం. పిల్లలలో ఈ వ్యాధి తరచు తేలికగా పోతుంది, గర్భిణులకు మాత్రం ప్రాణాంతకం కావచ్చు. పిల్లల కామెర్లకు ఎక్కువగా కారణమయ్యే హెపటైటిస్ ఎ పశువుల నుండి రాదు.

డెంగ్యూ

సోమందేపల్లె (2022 వరకు అనంతపురం జిల్లా, ప్రస్తుతం శ్రీ సత్యసాయి జిల్లా) వంటి కరువు మండలాలలో గమనించవలసినది ఇది. నీరు రోజూ రాని చోట జనం డ్రమ్ములు, తొట్లు, బిందెలలో నింపి ఉంచుకుంటారు. డెంగ్యూను మోసే ఈడిస్ ఈజిప్టై దోమకు కావలసినదీ అటువంటి నిలువ నీరే. అంటే వాన లేకపోవడం కూడా దోమకు అనుకూలమే. దీని గుడ్లు తడి లేకున్నా నెలల తరబడి బ్రతుకుతాయి కనుక తొట్టిని వారానికొకసారి ఖాళీ చేస్తే చాలదు, గోడలను రుద్ది కడిగి మూత వేయాలి.

డెంగ్యూ సోకిన పిల్లలలో కాలేయం ఉబ్బడం, ఎంజైములు పెరగడం సాధారణం, కాలేయ వైఫల్యం అరుదు. జ్వరానికి ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ ఇవ్వరాదు. పారాసిటమాల్ కూడా మోతాదు మించితే కాలేయమునకు విషమే.

గొర్రెలు, కుక్కలు

ఈ పీఠభూమిలో కాపరులకు బాగా తెలిసిన గొర్రెల నీలినాలుక వ్యాధి వైరస్ మనుషులకు సోకదు. 2022లో కారణం తెలియని కాలేయ శోథ పలు దేశాల పిల్లలలో కనబడింది. జూలై నాటికి 35 దేశాలలో 1,010 కేసులు నమోదయ్యాయి. పెంపుడు కుక్కలను కొందరు అనుమానించారు గాని అది రుజువు కాలేదు. 2023లో వెలువడిన పరిశోధనలు మనుషులలో తిరిగే ఎ.ఎ.వి.2 అను వైరస్ వైపు చూపాయి.

ఆసుపత్రికి ఎప్పుడు

కామెర్లు ఉన్న బిడ్డ మత్తుగా పడుకున్నా, తికమకగా మాట్లాడినా, ఆగకుండా వాంతులు చేసుకున్నా, రక్తస్రావం కనబడినా పసరు మందులతో కాలయాపన చేయక అదే రోజు ఆసుపత్రికి తీసుకొనిపోవాలి.