వార్తల్లో పదం: లైన్ షేరింగ్
ఒకే రాగి తీగ మీద మాటలను ఒక సంస్థ, ఇంటర్నెట్‌ను మరో సంస్థ నడుపుకోవడమే లైన్ షేరింగ్. మాటలు తక్కువ ఫ్రీక్వెన్సీలో, డేటా ఎక్కువ ఫ్రీక్వెన్సీలో వెళ్తాయి కనుక ఇది సాధ్యం.

డయల్-అప్ రోజుల్లో అమెరికాలో చిన్న ఇంటర్నెట్ సంస్థ పెట్టాలంటే కొన్ని మోడెములు, ఫోన్ లైన్లు ఉంటే చాలు. ఖాతాదారే ఫోన్ చేసి కలిసేవాడు. బ్రాడ్‌బ్యాండ్ వచ్చాక తీగ సొంతదారే పోటీదారయ్యాడు. అందుకే అక్కడి నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 1999లో ఈ పంపకాన్ని తప్పనిసరి చేసింది. 2003లో తానే ఎత్తేయాలని నిర్ణయించింది.

కేబుల్ టీవీ తీగల్లోనూ చోటు కావాలని శాంటా మోనికాలోని బ్రాండ్ ఎక్స్ అనే చిన్న సంస్థ పోరాడింది. అక్కర్లేదన్న ఎఫ్‌సీసీ వాదననే 2005లో అమెరికా సుప్రీంకోర్టు 6-3తో సమర్థించింది. నష్టపోయింది చిన్న సంస్థలే కాదు, ఎంచుకునే వీలు పోయిన ఖాతాదారులు కూడా. కాలిఫోర్నియాలోని సోనిక్ లాంటి ఇంటర్నెట్ సంస్థలు మాత్రం సొంత ఫైబర్ వేసుకుని నిలిచాయి.