వెంట్రుకంత పగులు... బోర్డంతా నీళ్లు!

పొద్దున్నే రుషికొండ తీరంలో రెండు గంటలు అలలతో ఆడి, బోర్డు చంకన పెట్టుకుని ఒడ్డుకొస్తారు. తుడుస్తుంటే అంచు దగ్గర సన్నటి గీత కనిపిస్తుంది. రాయి తగిలిందో, పక్కవాడి బోర్డు ఫిన్‌ గీరుకుందో! 'ఇంతేగా, వచ్చేవారం చూద్దాంలే' అనుకుంటారు చాలామంది. బోర్డు కొంప మునిగేది అక్కడే.

సర్ఫ్‌బోర్డు పైకి గట్టిగా కనిపిస్తుందిగానీ లోపలుండేది ఫోమ్‌. దాని మీద గాజుపోగుల బట్ట, ఆ పైన రెజిన్‌ పూత. ఈ పెంకు పగిలితే ఉప్పునీరు నేరుగా ఫోమ్‌లోకి దిగుతుంది. బోర్డు బరువెక్కుతుంది, రంగు మారుతుంది. ఎండలో పెడితే లోపలి గాలి వ్యాకోచించి, పూత ఫోమ్‌ నుంచి పొక్కులా లేచిపోతుంది. అప్పుడిక చిన్న అతుకుతో పోయే పని కాదు.

సరే, రెజిన్‌ తెచ్చి పూసేద్దాం అనుకుంటే... ఆగండి! ముందు లోపలున్నది ఏ ఫోమో తెలియాలి. 1950ల చివర్లో కాలిఫోర్నియాలో హోబీ ఆల్టర్, గోర్డన్‌ క్లార్క్‌లు బాల్సా చెక్క స్థానంలో పాలీయురెథేన్‌ ఫోమ్‌ను వాడుకలోకి తెచ్చారు. ఆ రకం బోర్డులకు పాలిస్టర్‌ రెజిన్‌ చక్కగా సరిపోతుంది. ఇప్పుడు తేలికపాటి బోర్డులు చాలావరకు ఈపీఎస్‌వి. ఈపీఎస్‌ అంటే మరేమీ కాదు, పెళ్లి వేదిక మీద వధూవరుల పేర్లు చెక్కే థర్మాకోలే! థర్మాకోల్‌ మీద పెట్రోలు పడితే ఏమవుతుందో బడిపిల్లల్నడిగినా చెబుతారు. పాలిస్టర్‌ రెజిన్‌లోని స్టైరీన్‌ కూడా అంతపనీ చేస్తుంది. గోరంత పగులు పూడ్చబోతే లోపల గుప్పెడు గొయ్యి పడుతుంది.

కోస్తా ఊళ్లలో ఫైబర్‌ పడవలు బాగుచేసే మేస్త్రీల దగ్గరికి బోర్డు తీసుకెళ్లినా ఈ మాట ముందే చెప్పాలి. వాళ్లు రోజూ వాడేది ఎక్కువగా పాలిస్టర్‌ రెజినే. చేయి తిరిగిన పనివాళ్లే, సందేహం లేదు. కానీ బోర్డులో థర్మాకోల్‌ ఉందని పైనుంచి చూస్తే ఎవరికి తెలుస్తుంది? ఏ రకమో తేలకపోతే ఎపాక్సీ రెజిన్‌ వాడటం క్షేమం. అది రెండు రకాలకీ పనికొస్తుంది. కాస్త ఖరీదెక్కువ, ఆరడానికీ ఎక్కువసేపు పడుతుంది... అయినా బోర్డు దక్కుతుంది కదా.

తర్వాతిది ఓపిక పరీక్ష. బోర్డును మంచినీళ్లతో కడిగి, పగులు కిందికి ఉండేలా నీడలో వాల్చాలి. పగులు చుట్టూ వేలితో నొక్కితే చెమ్మ ఊరుతోందంటే ఇంకా ఆరనట్టే. కొన్నిసార్లు రోజులు కాదు, వారాలు పడుతుంది. తడి మీద రెజిన్‌ పూస్తే ఆ నీటిని లోపలే పెట్టి సీలు వేసినట్టు!

ఆరాక మైనం గీకేసి, ఊడుతున్న పెచ్చులు తీసి, చుట్టూ 80 నంబరు గరుకు కాగితంతో రుద్దాలి. నున్నటి చోట రెజిన్‌ పట్టుకోదు. దుమ్ము తుడిచి, పగులుకన్నా అంగుళం పెద్దగా గాజుబట్ట ముక్క కత్తిరించి, రెజిన్‌తో తడిపి, బుడగల్లేకుండా అద్దాలి. పాలిస్టర్‌ అయితే 100 గ్రాములకు హార్డెనర్‌ ఒకటి రెండు గ్రాములు చాలు. ఎపాక్సీకి డబ్బా మీదున్న కొలతే కొలత. త్వరగా గట్టిపడుతుందని హార్డెనర్‌ కాస్త ఎక్కువ పోస్తే మొదటికే మోసం. గట్టిపడ్డాక 220, 400 నంబరు కాగితాలతో వరసగా నునుపు చేస్తే వేలికి అతుకు తెలియదు.

ఎండలో పెడితే నిమిషాల్లో గట్టిపడే ట్యూబు రెజిన్లు కూడా దొరుకుతున్నాయి. కొలతల గొడవ లేదు కాబట్టి కొత్తవాళ్లకు ఇవే నయం. అయితే ట్యూబు మీద పాలిస్టర్‌ అని ఉందో ఎపాక్సీ అని ఉందో చదివి కొనాలి.

ఈ పని వంటింట్లోనో, పిల్లలు తిరిగే గదిలోనో పెట్టుకోవద్దు. గాలాడే చోట మాస్కు, చేతి తొడుగులు, కళ్లద్దాలతో చేయాలి. పాలిస్టర్‌లో కలిపే హార్డెనర్‌ చుక్క కంట్లో పడితే చూపే పోవచ్చు. కాగితంతో రుద్దినప్పుడు లేచే గాజు దుమ్ము ఒంటికి దురద, ఊపిరితిత్తులకు చేటు.

అతుకు వేసిన బోర్డును తలుపులు మూసిన కారులో మిట్టమధ్యాహ్నం వదిలేశారో... మళ్లీ గరుకు కాగితం బయటికి తీయాల్సిందే!