గీజరు వెనుకనున్న తీగె

హైదరాబాదులోని నాంపల్లి రైలుస్టేషను చుట్టునున్న లాడ్జీలలో వేకువజామున దిగిన ప్రయాణికులు మొట్టమొదట విచారించునది వేడినీటిని గూర్చియే. ఒకప్పుడు కట్టెలు మండించి రాగి బాయిలరులో కాచిన ఆ నీటిని నేడు గోడకు బిగించిన గీజరు కాచుచున్నది. ఆబిడ్సునకు చేరువనే, విద్యుత్సామగ్రికి పేరువడసిన ట్రూప్ బజారులో గీజరు కొనవచ్చువారు దాని వెలను, లీటర్లను అడుగుదురు గాని, దానికి విద్యుత్తును కొనివచ్చు తీగె ఎంత లావుండవలెనని అడుగువారు అరుదు.

హుస్సేన్ సాగర్ తీరమున 1920లో థర్మల్ విద్యుత్కేంద్రము వెలసిన కాలమున ఇండ్లలో విద్యుత్తునకు ముఖ్యముగా దీపములును పంకాలును మాత్రమే పనులు. ఆ స్వల్పభారమునకు సన్నని తీగెలే చాలినవి. కాని 2000 వాట్ల గీజరొక్కటి 40 వాట్ల దీపములు 50 వెలిగినంత భారము. 230 వోల్టుల వద్ద అది సుమారు 8.7 ఆంపియర్లను, 3000 వాట్ల ఇన్‌స్టంట్ గీజరు 13 ఆంపియర్లను గ్రహించును. విదేశములలో తొట్టిలేకయే ధారను అప్పటికప్పుడు కాచు 8500 వాట్ల విద్యుత్ షవరునకైతే 37 ఆంపియర్లు కావలెను.

ప్రవాహము రెండింతలైనచో తీగెలో పుట్టు వేడి నాలుగింతలగునని జేమ్స్ జౌల్ 1841లో నిరూపించెను. గీజరులో మనకు స్నానసౌఖ్యము నిచ్చు ఈ సూత్రమే, గోడలోని సన్నని తీగెలో పైతొడుగును కరిగించి నిప్పు పుట్టించును. అందుచేత గీజరునకు ప్రత్యేకమైన సర్క్యూటు, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగితీగె, ఇన్‌స్టంట్ గీజరునకు దూరము ఎక్కువైనచో 4 చదరపు మిల్లీమీటర్లది వేయుట శ్రేయస్కరము.

తీగెలో ప్రవాహము మితిమీరినప్పుడు విద్యుత్తును తనంత తానే తెంచి, మరల మీటనొత్తినంతనే సిద్ధమగు చిన్న సర్క్యూట్ బ్రేకరునకు జర్మనీదేశపు హ్యూగో స్టోట్జ్ 1924లో పేటెంటు పొందెను. దానిలో రెండు లోహముల పట్టీ దీర్ఘకాలపు అధికభారమునకు మెల్లగా వంగి, విద్యుదయస్కాంతము షార్టుసర్క్యూటునకు తత్క్షణమే కదలి, ప్రవాహమును ఆపును. గీజరు ప్రవాహముకంటె బ్రేకరు పరిమితి ఎక్కువగను, తీగె సామర్థ్యముకంటె తక్కువగను ఉండవలెను. మాటిమాటికి పడిపోవుచున్నదని 16 ఆంపియర్ల దానిని తీసి 32 ఆంపియర్లది పెట్టుట, రోగమును విడిచి నాడిని అణచుటవంటిది.

అయినను బ్రేకరు కాపాడునది తీగెనే గాని మనుష్యుని గాదు. 16 ఆంపియర్లలో వెయ్యవవంతు దేహమున ప్రవహించినను పట్టిన లోహమును చేయి విడువజాలదు. ఇట్టి ప్రవాహముల ప్రభావమును దీర్ఘకాలము పరిశోధించిన కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాచార్యుడు చార్లెస్ డాల్జియల్, 1961లో, పోయిన విద్యుత్తును తిరిగివచ్చిన విద్యుత్తును సరిచూచి భేదము కనబడగనే సర్క్యూటు తెంచు సాధనమును రూపొందించెను. నేడు మన ఇండ్లలో ఆర్‌సీసీబీ యని పిలువబడు పరికరము ఇట్టి పోలికపైననే పనిచేయును. స్నానశాలకు దాని పరిమితి 30 మిల్లీ ఆంపియర్లకు మించరాదు. అధికభారము నిది గుర్తింపదు గనుక రెండును ఉండవలసినదే.

బోరునీటి లవణములు గీజరులో నీటిని కాచు కాయిలుపై పొలుసులుగ పేరుకొని, దాని కవచము చిట్లినప్పుడు ఈ రక్షణల విలువ తెలియును. ఎర్తింగు సక్రమముగ నున్నచో కారిన విద్యుత్తు భూమిలోనికి పోవుటయు, ఎవ్వరును తాకకమునుపే ఆర్‌సీసీబీ పడిపోవుటయు సంభవించును. ఎర్తింగు లేనిచోట ఆ దారి స్నానము చేయువాని దేహమే కావచ్చును. కనుక గీజరునకు డబ్బు చెల్లించుటకు ముందు, లైసెన్సు గల ఎలక్ట్రీషియనుచేత తీగె, బ్రేకరు, ఆర్‌సీసీబీ, ఎర్తింగు అను నాలుగింటిని పరీక్షింపజేయుట గృహస్థుని ధర్మము. ఆ నాలుగింటికగు వ్యయమును గీజరు వెలలో భాగముగనే లెక్కింపవలెను.